దండం పెట్టిన చేత్తోనే డిప్పర్ కొట్టాలి

చలికాలం తెల్లవారుజామున బండి తీసేవాళ్లలో స్టీరింగును తాకి కళ్లకద్దుకోనివాళ్లు అరుదు. కొందరు డాష్‌బోర్డు మీది వినాయకుడికి అగరుబత్తి తిప్పుతారు. కొందరు బిస్మిల్లా అంటారు, కొందరు వాహెగురు అంటారు. బంపరుకు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఎలాగూ ఉంటాయి. ఈ దండం మంచిదే. అంతా తన చేతిలో లేదని మనిషి ఒప్పుకునే క్షణం అది. ఆ తరువాతి గంట గురించే ఈ అధ్యాయం. దండం పెట్టినవాడు రోడ్డెక్కాక ఎలా నడపాలి, ఎదుటివాడితో ఎలా మెలగాలి, బండి ఆగిపోతే ఏం చేయాలి, పక్కవాడిది ఆగిపోతే ఏం చేయాలి అన్నవి ఇందులో చూద్దాం.

కర్ఖేలిని మనసులో పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం మీద, ఉమ్రికీ ధర్మాబాద్‌కీ నడుమ ఉన్న ఊరది. ధర్మాబాద్ దాటితే తెలంగాణ వస్తుంది, వెంటనే బాసర. బాసర వంతెన మీదుగా గోదావరి దాటితే నిజామాబాద్ దారి. 1956 నవంబరు 1 దాకా ఈ ఊళ్లన్నీ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఇప్పటికీ పెళ్లి సంబంధాలకూ, మిర్చి బేరాలకూ, మొక్కులకూ జనం హద్దు దాటి వస్తూ పోతూనే ఉంటారు. ఈ రోడ్డు మీద తెలుగూ మరాఠీ హిందీ ఉర్దూ కలిసే వినిపిస్తాయి.

ఇక్కడ చలికాలపు ఇబ్బందులు హిమాలయాల మంచు తెచ్చేవి కావు. తెల్లారేసరికి కమ్ముకునే పొగమంచు, వెనక లైటు లేని చెరకు ట్రాలీలు, బాడీ దాటి రెండు పక్కలా ఉబ్బిన పత్తి లారీలు, పొలాల్లోంచి టైర్లు మోసుకొచ్చి తారు మీద పరిచే నల్లరేగడి బురద, చలికి సెల్ఫ్ తీసుకోని బండ్లు, ముదురు కంబళి కప్పుకుని రోడ్డు అంచున నడిచే మనుషులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజూ ఎదురయ్యేవే ఇవన్నీ. మన విశ్వాసానికి, మంచితనానికి పరీక్ష జరిగేది ఈ చిన్న చిన్న చోట్లే.

నమ్మకం ఎవరో ఒకరు చేసిన పని

పొగమంచులో రైలు ఎలా నడుస్తుందో గమనించండి. ఇంజిను నడిపే లోకో పైలట్‌కు సిగ్నల్ స్తంభం కనిపించనంత మంచు పట్టినప్పుడు వాడే పద్ధతి ఒకటి మన రైల్వేలో ఏనాటి నుంచో ఉంది. సిగ్నల్‌కు సుమారు 270 మీటర్ల ముందే పట్టా మీద చిన్న టపాసు లాంటిది బిగిస్తారు. చక్రం దాని మీదికి ఎక్కగానే ఢామ్మని పేలుతుంది. సిగ్నల్ దగ్గరపడిందని పైలట్‌కు తెలిసిపోతుంది. ఇప్పుడు జీపీఎస్‌తో పనిచేసే పరికరాలు కూడా వచ్చాయి. అయినా ఆ టపాసును బిగించాలంటే ఒక మనిషి రాత్రివేళ చలిలో పట్టా వెంట నడిచి వెళ్లాల్సిందే.

బోగీలో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న ప్రయాణికులకు ఆ మనిషి పేరు తెలియదు. వాళ్ల నిశ్చింత వెనక అతని నడక ఉంది. రోడ్డు మీదా ఇంతే. వంపు తిరిగేటప్పుడు అవతలి బండి తన పక్కనే ఉంటుందని నమ్ముతాం. ముందున్న ట్రాలీ వెనక ఎర్ర లైటు వెలుగుతుందని నమ్ముతాం. ఆ నమ్మకం నిలబడిందంటే ఎవరో శ్రద్ధగా తన పని చేశారన్నమాట. కాబట్టి దారిలో దేవుణ్ణి నమ్మే మనిషికి ఒక బాధ్యత వచ్చిపడుతుంది. ఇతరులు నమ్మదగిన మనిషిగా తానూ నడపాలి. ఈ అధ్యాయంలో మీరు గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదొక్కటే. మిగతా సలహాలన్నీ దీని నుంచి పుట్టినవే.

కనిపించినంత దూరమే మన దారి

పొగమంచు ఎందుకు పడుతుందో తెలిస్తే, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. ఆకాశం తేటగా, గాలి స్తబ్ధుగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దానిని ఆనుకున్న గాలిలోని తేమ సన్నని నీటి చుక్కలై తేలుతుంది. నీళ్లున్న చోట, పల్లపు నేలలో, తడి పెట్టిన పొలాల దగ్గర ఇది చిక్కగా ఉంటుంది. ధర్మాబాద్ తాలూకాలోని బాభళి బ్యారేజీ గేట్లను జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువు ముగిశాక గేట్లు దించితే నదిలో నీళ్లు నిలుస్తాయి. ఒడ్డున శనగకూ జొన్నకూ తడులు నడుస్తుంటాయి. అందుకే ఊళ్లో తేటగా ఉన్న రోడ్డు వాగు దిగగానే తెల్లగా మాయమైపోవచ్చు. పల్లం రాకముందే వేగం తగ్గించండి, మంచు కనిపించేదాకా ఎదురుచూడకండి.

వేగం లెక్క కూడా తెలుసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. అడ్డం కనిపించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడితే, అప్పటికే 25 మీటర్లు పోయాం. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 26 మీటర్లు, 30 అయితే 18 మీటర్లు చాలు. మంచుకు తడిసిన తారు మీద, బురద మీద ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. మూడు లారీల పొడుగు, అంటే 30 మీటర్లు మాత్రమే కనిపిస్తున్న చోట 60లో పోవడమంటే కళ్లు మూసుకుని నడపడమే. కనిపించే దూరంలో ఆగగలిగిన వేగంతోనే పోవాలి.

ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో కొలవడం కూడా తేలికే. ఆ బండి ఒక చెట్టునో కిలోమీటరు రాయినో దాటగానే నెమ్మదిగా లెక్కపెట్టండి. నాలుగు అనేలోపు మీరూ ఆ గుర్తును చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు.

హై బీమ్ వేస్తే ఎక్కువ కనిపిస్తుందనుకోవడం పొరపాటు. ఆ వెలుగు నీటి చుక్కలకు తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. లో బీమే వేయండి, ఫాగ్ ల్యాంపులు ఉంటే అవీ వేయండి. బండి కదులుతుండగా నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోవడం చాలామందికి అలవాటు. అది మానండి. అలా పోతుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. ఆ లైట్లు ఆగిన బండికోసం ఉన్నవి.

అద్దం లోపలి వైపు మసక పడితే ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. నిమిషంలో తేటపడుతుంది. నడుపుతూ చేత్తో తుడుచుకోవద్దు.

రైల్వే గేటు దగ్గర ఇంకొక మాట. మంచులో రైలు దీపం ఆలస్యంగా కనిపిస్తుంది, మఫ్లర్ చుట్టుకున్న చెవులకు కూత సరిగా వినిపించదు. గేటు పడ్డాక బైకు వంచి కింది నుంచి దూరడం ఎన్ని నిమిషాలు ఆదా చేసినా చేయకూడని పని. ఆగినప్పుడు ఇంజిను ఆపి, పక్కనున్న మనిషితో ‘రామ్ రామ్’ అనండి. ఎదురుచూసే ఆ కాసేపు ఒక పలకరింపుకు సరిపోతుంది.

కళ్లలో పడిన వెలుగుకు జవాబు

ఎదురుగా వచ్చేవాడు హై బీమ్ దించడు. మనకు కళ్లు బైర్లు కమ్ముతాయి. చెయ్యి దానంతటదే మన హై బీమ్ వైపు పోతుంది. అప్పుడు రెండు బండ్లలోనూ చూపు పోయిన మనుషులే ఉంటారు. కోపం రావడం సహజం. ఆ కోపంతో లైటు వేస్తే మాత్రం మన బండిలో ఉన్న బిడ్డల్ని మనమే ప్రమాదంలోకి నెట్టినవాళ్లమవుతాం.

ఇలా చేసి చూడండి. ఒక్కసారి డిప్పర్ కొట్టి గుర్తుచేయండి. దించితే సరే. దించకపోతే వేగం తగ్గించి, చూపును ఆ వెలుగు మీంచి తీసి రోడ్డు ఎడమ అంచు మీద పెట్టండి. ఆ బండి దాటిపోయాక కూడా కొన్ని సెకన్లు కళ్లు కుదురుకోవు. అప్పుడే వేగం పెంచకండి. మనసులో ఒక మాట అనుకోండి: ‘అతనూ ఇల్లు చేరాలి.’ లోపల రగిలే మంటను ఆర్పడానికి ఇంత చిన్న ప్రార్థన చాలు. నిష్ఠగా నెల రోజులు పాటిస్తే ఇంట్లోనూ మీ గొంతు తగ్గుతుంది.

చెరకు ట్రాలీ వెనక

చెరకు క్రషింగ్ మొదలైతే రాత్రంతా ట్రాక్టర్లు తిరుగుతూనే ఉంటాయి. ఒక్కో ట్రాక్టరుకు రెండేసి ట్రాలీలు, వాటి మీద ఆకాశమంత ఎత్తున చెరకు. బయటికి వేలాడే ఆకూ గడలూ వెనక లైటును కప్పేస్తాయి, కొన్నింటికి అసలు లైటే ఉండదు. మంచులో ఇలాంటి ట్రాలీ మీకు కనిపించేసరికి ముక్కు ముందుకు వచ్చేసి ఉంటుంది. వెనక ఇరుక్కున్నవాడికి విసుగొస్తుంది. హారన్ మోగిస్తాడు, సందు దొరికిందని ఎదురుగా ఏమొస్తుందో చూడకుండా దూరుతాడు.

ఆ ట్రాలీని నింపే, నడిపే మనుషుల బతుకు తెలిస్తే హారన్ మీద చెయ్యి ఆగుతుంది. చెరకు కోతకు వలసపోయే కూలీలకు మరాఠ్వాడాలోని బీడ్ జిల్లా పేరుపడింది. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక ‘కోయితా’గా లెక్కగట్టి, ముందే అడ్వాన్సు ఇచ్చి పనికి కుదుర్చుకుంటారు. పొలం గట్టున వేసుకున్న గుడిసెలో చంటిబిడ్డలతో కాపురం, చలిలో తెల్లవారకముందే కోత, ఎప్పుడు ట్రాలీ వస్తే అప్పుడు నెత్తిన మోపులెత్తి నింపడం. మనం టీలో వేసుకునే చెంచాడు చక్కెర వెనక వాళ్ల నిద్ర ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో గంటల తరబడి కాచుకున్న డ్రైవరు కూడా నిద్రలేని మనిషే.

కాబట్టి ట్రాలీ వెనక ఉన్నప్పుడు ఎడం పాటించండి. అంత బరువున్నది ఒక్కసారిగా ఆగదు, పైనుంచి గడలు జారిపడవచ్చు కూడా. ఎదురుదారి తేటగా, చాలా దూరం కనిపిస్తేనే దాటండి. పొగమంచులో అసలు దాటకండి. దాటినా పది నిమిషాలకు మించి కలిసిరాదు.

ఊరివాళ్లు చేయగలిగిన మేలు ఇంకొకటి ఉంది. లైటు పడగానే మెరిసే రేడియం స్టిక్కరు. వాహనాల మీద వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు ఉండాలి. యువజన సంఘమో, గణేశ్ మండలో, భజన బృందమో చందా వేసుకుని ఒక చుట్ట కొనండి. టీ హోటలు దగ్గర ఆగిన ట్రాలీలకు, ఎడ్లబండ్లకు, సైకిళ్లకు అంటించండి. చెరకు లైటును కప్పేస్తుంది కాబట్టి, గోనెపట్టా మీద ఎర్ర స్టిక్కరు కుట్టి చెరకు వెనక వేలాడదీస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. అడిగే తీరు ముఖ్యం. ‘నీకు లైటు లేదు, చలానా పడుతుంది’ అని బెదిరిస్తే అతను మొహం తిప్పుకుంటాడు. ‘కాకా, వెనకొచ్చేటోళ్లకు మీ బండి అగుపడ్తలేదు. ఇది అంటిస్తం, పైసలేమొద్దు’ అంటే తానే దిగి వెలుగు పట్టుకుంటాడు.

నడిచేవాళ్లను మరవొద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో లోహా తాలూకా మాళెగావ్ ఖండోబా యాత్రకు జనం, జంతువులు కదులుతాయి. పొలాలకు వెళ్లేవాళ్లు, పాలు మోసేవాళ్లు ముదురు కంబళ్లలో ఉంటారు. కంబళి మీద తెల్ల తువ్వాలు వేసుకోమని ఇంట్లో పెద్దలకు చెప్పండి. బైకు నడిపేవాళ్లు చలికి మంకీ క్యాపు పెట్టి హెల్మెట్ వదిలేస్తారు. గాలిని ఆపే పని, తలను కాపాడే పని రెండూ హెల్మెట్టే చేస్తుంది.

బండి మొరాయిస్తే

చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. పాతబడిన బ్యాటరీ అసలు రంగు అందుకే జనవరిలో బయటపడుతుంది. దీపావళి వెళ్లగానే ఒకసారి చూపించండి. టైర్లలో గాలి కూడా చలికి తగ్గుతుంది. పది డిగ్రీలు తగ్గితే దాదాపు రెండు పాయింట్లు పోతాయి. మధ్యాహ్నం ఎండలో పట్టించిన గాలి తెల్లవారేసరికి చాలకపోవచ్చు. ఉదయం బండి కదలకముందే కొలిపించడం మేలు.

మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేయాల్సి వస్తే వరస తప్పకండి. ముందు ఎర్ర వైరు ఒక కొన ఆగిన బండి ప్లస్‌కు, రెండో కొన మంచి బండి ప్లస్‌కు. తరవాత నల్ల వైరు ఒక కొన మంచి బండి మైనస్‌కు, రెండో కొన ఆగిన బండి ఇంజినులో బ్యాటరీకి దూరంగా ఉన్న ఇనుముకు. కారు బ్యాటరీ 12 వోల్టులు, పెద్ద లారీలకు సాధారణంగా 24. లారీ నుంచి కారుకు ఇవ్వబోతే మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది. తోసి స్టార్ట్ చేయడం గేర్లున్న బండికే కుదురుతుంది, ఆటోమేటిక్ బండిని తోయించకండి.

దారిలో ఆగిపోతే బండిని ఎడమకు, వీలైతే తారు దిగేదాకా జరపండి. నాలుగు ఇండికేటర్లు వేయండి. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. అందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. బండి వెనక, బండికీ రోడ్డుకీ మధ్య ఎవరూ నిలబడొద్దు. చాలామంది లారీ డ్రైవర్లు త్రికోణం లేక రాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం పెడతారు. బాగైన తరవాత వాటిని అక్కడే వదిలి వెళ్లిపోతారు. మరుసటి రాత్రి ఒక బైకు వాటికి తగిలి పడుతుంది. బండి కదలబోయే ముందు ఆ రాళ్లు తీసి పక్కన వేయడం రోడ్డు మీద చేయగల గొప్ప ధర్మకార్యాల్లో ఒకటి. ఎవరో వదిలిపెట్టిన రాళ్లు కనిపించినా దిగి తీయండి.

సాయం తీసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన గుణమే. మనలో చాలామందికి ఇంకొకరిని అడగడమంటే చిన్నతనం. జాకీ అడగండి, టోచన్ తాడు అడగండి. భాష రాదని సంకోచించకండి. ‘దాదా, గాడీ బంద్ పడ్లీ’ అంటే చాలు, అతను ఆగుతాడు. సాయం చేసినవారికి డబ్బివ్వబోతే ఒక్కోసారి నొచ్చుకుంటారు. టీ తాగించి, మీ వంతుగా మరొకరికి చేస్తానని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

నాందేడ్ గడ్డ చెప్పే పాఠం

కర్ఖేలి ఉన్న జిల్లాకు కేంద్రమైన నాందేడ్‌లోనే సిక్కుల పవిత్ర స్థలం తఖ్త్ సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ ఉంది. పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో తన చివరి రోజులు గడిపింది ఇక్కడే. అక్కడి లంగర్‌లో ఎవరు వచ్చినా కులమతాలు అడగకుండా పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తారు.

సిక్కు సంప్రదాయంలో భాయీ కన్హయ్య కథ ప్రసిద్ధం. ఆనందపూర్ యుద్ధాల్లో ఆయన తోలుసంచితో నీళ్లు మోసి గాయపడినవారికి తాగించేవాడు. శత్రు సైనికులకూ పోస్తున్నాడని కొందరు గురువుకు ఫిర్యాదు చేశారు. గురువు పిలిచి అడిగితే, తనకు మిత్రుడూ శత్రువూ కనిపించడం లేదని, ప్రతి మొహంలో గురువే కనిపిస్తున్నాడని చెప్పాడట. గురువు ఆయనను మెచ్చుకుని, ఇకపై నీళ్లతోపాటు మందు కూడా రాయమని లేపనం చేతికిచ్చాడని చెబుతారు.

ఈ కథలో మనం దారికి పట్టుకెళ్లాల్సినవి రెండున్నాయి. పడిపోయినవాడిది తప్పా ఒప్పా అన్నది సాయం చేసేముందు విచారించకూడదు. ఇక దయతోపాటు పనితనం ఉండాలి. నీళ్లిచ్చే మనసుకు మందు రాసే నేర్పు తోడైనప్పుడే గాయం మానుతుంది. బండిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంచండి, దానిని వాడటం నేర్చుకోండి.

ప్రమాదం చూసినప్పుడు

ఆగితే పోలీసులు, కోర్టులు అని భయపడి దాటిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయానికి చట్టం జవాబిచ్చింది. గాయపడినవారికి ముందు చికిత్స చేయాలని, పోలీసు లాంఛనాల కోసం ఆపరాదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న అదే కోర్టు బలం చేకూర్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసిన మనిషి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు ఉండదు, తన పేరు చెప్పమని అతన్ని బలవంతపెట్టకూడదు. గాయపడిన మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2021లో 5 వేల రూపాయలతో మొదలుపెట్టి, 2025లో 25 వేలకు పెంచారు.

చేయాల్సిన పనుల వరస ఇది. మీ బండిని ప్రమాద స్థలం దాటించి సురక్షితంగా ఆపండి. వెనక వచ్చేవాళ్లను హెచ్చరించడానికి ఒకరిని దూరంగా నిలబెట్టండి, మంచులో మొదటి ప్రమాదం వెంట రెండోది వస్తుంది. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల హద్దు కాబట్టి రాష్ట్రం, జిల్లా, తాలూకా, దగ్గరి ఊరు, కిలోమీటరు రాయి విడమరిచి చెప్పండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే, మంటల్లాంటి ముప్పు ఉంటే తప్ప కదిలించకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. చలిలో రక్తం పోయినవారి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, మీ శాలువా కప్పండి. చెయ్యి పట్టుకుని ‘ఉన్నం అన్నా, భయపడకు’ అనండి.

దయకు వివేకం కావాలి. అర్ధరాత్రి ఒంటరిగా ఉండి, ఆగడం క్షేమం కాదనిపిస్తే ముందున్న పెట్రోలు బంకు దాకా వెళ్లి 112కి చెప్పండి. ఫోన్ చేసినా సాయం చేసినట్టే. ఏమీ చూడనట్టు వెళ్లిపోవడం ఒక్కటే తప్పు.

బాసర దారిలో

వసంత పంచమికి పిల్లల చేత అక్షరాభ్యాసం చేయించడానికి రెండు రాష్ట్రాల నుంచీ కుటుంబాలు బాసర సరస్వతి గుడికి బయల్దేరతాయి. 2026లో అది జనవరి 23న వచ్చింది. ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే పండుగ కాబట్టి మంచు, రద్దీ, తెల్లవారుజాము ప్రయాణం మూడూ ఒక్కచోట కలుస్తాయి. రాత్రి రెండింటి నుంచి అయిదింటి దాకా ఒళ్లు నిద్ర కోరుకుంటుంది. టీ తాగితే కాసేపు ఆగుతుందే తప్ప పోదు. ముహూర్తం దొరకదని డ్రైవర్ను తొందరపెట్టకండి. వీలైతే ముందురోజు సాయంత్రమే చేరి అక్కడ పడుకోండి. కుదరకపోతే తెల్లారి, మంచు విడిచాక బయల్దేరండి. దారిలో కళ్లు బరువెక్కితే బంకులో ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

చంటిబిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవద్దు. కిరాయి బండి డ్రైవరుకు మనతోపాటే టిఫిను పెట్టించండి, అతను పడుకోవడానికి చోటుందో లేదో అడగండి. పలక మీద ‘ఓం నమః శివాయ’ రాయించే రోజున, పిల్లవాడు దారిలో ఇంకొక పాఠం కూడా చూస్తాడు. నాన్న ఎదుటివాడికి దారిచ్చాడా, తిట్టాడా అని. మనం నేర్పదలచుకోని పాఠాలను కూడా పిల్లలు చూసి నేర్చుకుంటారు.

ఈ వారం నుంచి మొదలుపెట్టండి

1. బండి తీసేముందు దండం పెట్టి, చుట్టూ ఒకసారి తిరగండి. ముందు వెనక లైట్లు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, టైర్లు చూడండి. అద్దాలు తుడవండి.

2. డిక్కీలో ఎర్ర త్రికోణం, టార్చి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, టోచన్ తాడు, జంపర్ వైర్లు, ఒక పాత దుప్పటి, రెండు సీసాల నీళ్లు ఉంచండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోండి.

3. రోజుకు ఒక్కరికైనా దారివ్వండి. వాళ్లు చెయ్యి ఊపినా ఊపకపోయినా లెక్కపెట్టుకోకండి.

4. వెనక లైటు వెలగని బండి కనిపిస్తే, ఆగిన చోట మర్యాదగా చెప్పండి. మీకెవరైనా అలా చెబితే ‘మంచిది అన్నా’ అని వెంటనే బాగుచేయించండి.

5. రోడ్డు మీద రాళ్లు, కొమ్మలు కనిపిస్తే క్షేమంగా ఆగి తీసేయండి.

6. మీ పొలం నుంచి ట్రాక్టరు తారెక్కేముందు టైర్ల బురద దులపండి. తడి నీళ్లు రోడ్డు మీదికి పారకుండా గట్టు వేయండి.

7. సంక్రాంతికి మరాఠీ ఇళ్లలో నువ్వుల ఉండలు చేతిలో పెట్టి తీయగా మాట్లాడమంటారు. ఆ పండుగ నాడు మీ ఊరి మెకానిక్కుకు, పంక్చరు దుకాణం మనిషికి, రైల్వే గేటు దగ్గర డ్యూటీ చేసేవారికి నువ్వుల ఉండలు ఇచ్చి రండి. చలికాలమంతా మనల్ని ఇళ్లు చేరుస్తున్నది వాళ్లే.

వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు, పెద్ద చదువు అక్కర్లేదు. దేవుడు దారిలో తోడుంటాడని నమ్మే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఒకటే. ఆ తోడు చాలాసార్లు లైటు దించిన డ్రైవరుగా, జాకీ ఇచ్చిన బాటసారిగా, రాయి తీసిన చెయ్యిగా వస్తుంది. రేపు తెల్లవారుజామున దండం పెట్టి బయల్దేరాక, ఎదురుగా మొదటి వెలుగు కనిపించగానే మీరే ముందు డిప్పర్ కొట్టండి.